ఎగ్జిమా రోగికి నిద్ర పడుతోందా?

నెల్లూరు నుంచి మైపాడు సముద్రం వైపు పోయే దారిలో ఉన్న ఇందుకూరుపేట మండలంలో బతుకుతెరువంతా నీళ్లతోనే. పెన్నా కాలువల కింద వరి, తీరం వెంట రొయ్యల గుంటలు, సముద్రంలో వేట. నాట్లు వేసే కూలీల చేతులూ కాళ్లూ రోజంతా బురదలో నానతాయి. రొయ్యల తలలు తీసి పొట్టు ఒలిచే ఆడవాళ్ల చేతులు గంటల తరబడి ఐసులో, రొయ్యల రసంలో, క్లోరిన్ కలిపిన నీళ్లలో ఉంటాయి. గుంటల దగ్గర సున్నం, బ్లీచింగ్ పౌడరు ఒట్టి చేతులతో చల్లేవాళ్లూ ఉంటారు. వీటికి తోడు వేసవి చెమట, ఉప్పుగాలి. చర్మం తడిసి, ఆరి, మళ్లీ తడిసి పగలడానికి ఇంతకన్నా వేరే కారణాలు అక్కర్లేదు. చేతి ఎగ్జిమాకు ముఖ్యమైన కారణాల్లో ఒకటి తడిలో చేసే పనేనని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. వివిధ దేశాల సర్వేలు కలిపి చూస్తే దాదాపు ప్రతి ఏడుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అది వస్తుంది. చాలామందికి వచ్చిపోతుంది, కొందరికి పోదు. అలా ఏళ్ల తరబడి ఎగ్జిమాతో బతికే పెద్దవాళ్ల మానసిక స్థితి గురించి ఇన్నేళ్లలో పోగైన ఆధారాలు ఏం చెబుతున్నాయి, అవి మన తీరానికి ఎంతవరకు వర్తిస్తాయి అన్నదే ఇక్కడి ప్రశ్న. ఆ ఆధారాలన్నీ చూశాక నాకు తోచింది ఇది: దిగులు, ఆందోళన, నిద్రలేమి ఈ జబ్బులోనే భాగాలు. చర్మం బాగుపడ్డాక తీరిగ్గా చూసుకుందామని వాటిని పక్కన పెట్టకూడదు. చర్మానికి మందు రాసిచ్చే చోటే వాటి గురించి అడగాలి, వాటికి వైద్యం కూడా అక్కడే మొదలుకావాలి.

ముందు జబ్బు సంగతి. ఎగ్జిమా అన్న పేరు కింద చాలా రకాలున్నాయి. శరీర తత్వం వల్ల మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ మీద వచ్చేది అటోపిక్ ఎగ్జిమా. చర్మం పైపొరను గట్టిగా నిలిపే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులో లోపమున్నవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుందని 2006లో స్కాట్లాండ్‌లోని డండీ పరిశోధకులు నిరూపించారు. సిమెంటు, రబ్బరు, నికెల్ లాంటివి తగిలి వచ్చేది కాంటాక్ట్ ఎగ్జిమా. మన పల్లెలకు బాగా తెలిసిన శత్రువు ఇంకొకటుంది, వయ్యారిభామ. 1950లలో పుణె దగ్గర కనిపించి దేశమంతా పాకిన ఈ కలుపు మొక్క నుంచి రాలే పొడి గాలిలో కలిసి ముఖం మీద, మెడ మీద, కనురెప్పల మీద పడుతుంది. ఎండలో ఆరుబయట పనిచేసే రైతులకు ఏళ్ల తరబడి వదలని దురద తెచ్చిపెడుతుంది. కారణాలు వేరైనా రోగి పడే అవస్థ ఒక్కటే. దురద, గోకడం, రసి కారడం, చర్మం మందబారి నల్లబడడం, తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టడం. వీటిలో ఏ రకమూ ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోదు. ఈ మాట వైద్యులకు చిన్నది కావచ్చు, రోగి మనశ్శాంతికి మాత్రం చాలా పెద్దది.

ఇక లెక్కలు. ఐరోపాలోని 13 దేశాల చర్మవ్యాధుల ఆస్పత్రుల్లో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2015లో వెలువడింది. 3,635 మంది చర్మ రోగులను, చర్మవ్యాధి లేని 1,359 మందితో పోల్చారు. చర్మ రోగుల్లో 10.1 శాతం మందికి డిప్రెషన్ ఉంటే తక్కినవాళ్లలో 4.3 శాతానికే ఉంది. ఆందోళన 17.2 శాతం, 11.1 శాతం. చచ్చిపోవాలన్న ఆలోచన 12.7 శాతం, 8.3 శాతం. మానసిక బాధ ఎక్కువగా కనిపించిన జబ్బుల్లో సోరియాసిస్‌తో పాటు అటోపిక్ ఎగ్జిమా, చేతి ఎగ్జిమా ఉన్నాయి. ఆస్పత్రి దాకా వచ్చేవాళ్లలో బాధ ఎక్కువగా ఉండడం సహజమే కదా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన సందేహమే. దానికి జవాబు 2020లో బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడ ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరుండే రికార్డుల నుంచి ఎగ్జిమా ఉన్న 5 లక్షల 26 వేల మంది పెద్దవాళ్లను, అది లేని 25 లక్షల పైచిలుకు మందిని తీసుకుని ఏళ్ల తరబడి గమనించారు. ఎగ్జిమా ఉన్నవాళ్లలో కొత్తగా డిప్రెషన్ రావడం 14 శాతం, ఆందోళన రావడం 17 శాతం ఎక్కువ. ఆస్పత్రి అధ్యయనంలో కనిపించినంత తేడా ఇక్కడ లేదు, ఆ సంగతి దాచనవసరం లేదు. కానీ ఇందులోనే ఇంకో అంశం ఉంది. ఎగ్జిమా స్వల్పంగా ఉన్నవాళ్లలో డిప్రెషన్ 10 శాతం ఎక్కువైతే, తీవ్రంగా ఉన్నవాళ్లలో 26 శాతం ఎక్కువ. జబ్బు ముదిరేకొద్దీ దిగులూ పెరుగుతోందంటే రెండూ కాకతాళీయంగా ఒకచోట చేరాయని కొట్టిపారేయడం కష్టం. ఎవరిని లెక్కలోకి తీసుకున్నారన్నదాన్ని బట్టి తేడా ఎంతన్నది మారుతోంది తప్ప, తేడా ఉందన్న విషయం మారడం లేదు.

ఏది ముందు, ఏది వెనక అన్నది ఇంకా చిక్కు ప్రశ్న. మనసు కలత పడితే ఎగ్జిమా పెరుగుతుందనడానికి అరుదైన సాక్ష్యం జపాన్ నుంచి దొరికింది. 1995 జనవరిలో కోబే ప్రాంతాన్ని కుదిపేసిన భూకంపం తర్వాత అక్కడి వైద్యులు 1,457 మంది అటోపిక్ ఎగ్జిమా రోగులను విచారించారు. బాగా దెబ్బతిన్న ప్రాంతంలో 38 శాతం మందికి, కొద్దిగా దెబ్బతిన్న ప్రాంతంలో 34 శాతం మందికి జబ్బు పెరిగింది. భూకంపం తాకని చోట పెరిగింది 7 శాతానికే. ఎవరికి భూకంపం తగలాలో ఎవరూ ఎంచి పెట్టలేదు కాబట్టి, మామూలు సర్వేలకన్నా ఈ పోలిక బలమైనది. అటువైపు నుంచి చూస్తే చర్మం మనసును చెడగొట్టే దారిలో మొదట వచ్చేది నిద్ర. పగటికన్నా రాత్రిపూట దురద ఎక్కువ. రాత్రి చర్మం వేడెక్కుతుంది, వాపును అణచిపెట్టే కార్టిసోల్ ఆ వేళకు తగ్గిపోతుంది, దృష్టి మళ్లించే పనీ ఉండదు. గోకితే పైపొర చిట్లుతుంది, చిట్లితే వాపు, వాపుతో మళ్లీ దురద. నిద్ర లేని మనిషికి మర్నాడు ఓపిక ఉండదు, చిరాకు పెరుగుతుంది, పనిలో చెయ్యి తడబడుతుంది. నెలల తరబడి ఇలాగే సాగితే దిగులు రాకపోతేనే ఆశ్చర్యం. నాట్ల కాలంలోనూ రొయ్యలు పట్టే రోజుల్లోనూ తెల్లవారకముందే లేచి పనికి పోవాల్సిన మనిషికి పోగొట్టుకున్న నిద్రను పగలు పూడ్చుకునే వీలు లేదు.

రెండో దారి చుట్టూ ఉన్న మనుషుల చూపు. చలిదేశాల లెక్కలు మన ఊళ్లకు పనికొస్తాయా అన్న అభ్యంతరానికి జవాబు కూడా ఇక్కడే ఉందనుకుంటాను. చర్మం పనిచేసే తీరు ఎక్కడైనా ఒకటే. సామాజిక భారం మాత్రం మన దగ్గర తక్కువేమీ కాదు, ఎక్కువే అయ్యుండాలి. ఊళ్లో తామర అనే మాటలో అంటుకునే ఫంగస్ జబ్బూ వస్తుంది, అంటుకోని ఎగ్జిమా కూడా వస్తుంది. కాబట్టి రెండింటికీ ఒకటే భయం. దాని వెనక అంతకన్నా పాత భయం ఉంది, కుష్ఠు. నెల్లూరులో డేమియన్ ఫౌండేషన్ కేంద్రం కుష్ఠు, క్షయ రోగుల కోసం పనిచేసింది. ఆ జబ్బు ఈ జిల్లాకు పరాయిది కాదు. 2005 డిసెంబరు నాటికి దేశంలో కుష్ఠు పదివేల మందికి ఒకరి కంటే తక్కువ స్థాయికి దిగివచ్చింది. అయినా కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును పార్లమెంటు తీసేసింది 2019లో. మందులు లొంగదీసిన జబ్బు చట్టంలో ఇంకో పద్నాలుగేళ్లు నిలిచిందంటే, జనం మనసులో ఎంతకాలం ఉంటుందో ఊహించవచ్చు. ఆ భయం నీడ చర్మం మీద కనపడే ప్రతి మచ్చ మీదా పడుతుంది. పెళ్లిచూపుల్లో మోచేతుల దాకా జాకెట్టు చేతులు లాక్కోవడం, ప్రసాదం అందుకునేటప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవడం, బంతి భోజనాల్లో వడ్డనకు పిలవకపోవడం, ఇవేవీ జబ్బు లక్షణాలుగా ఏ కేస్‌షీటులోనూ ఎక్కవు. నాగదోషమని, ఒంట్లో వేడి చేసిందని, రక్తం చెడిందని, సరిగా స్నానం చేయరని తలా ఒక మాట అంటారు. తప్పంతా రోగి మీదే పడుతుంది. ఆపైన పత్యం. వంకాయ వద్దు, గోంగూర వద్దు, చేప వద్దు, రొయ్య వద్దు. ఏదైనా పదార్థం పడదని పరీక్షలో తేలితే మానేయాల్సిందే. కానీ చేపల పులుసే పండగైన తీరంలో కారణం తేలకుండా ఏళ్లకేళ్లు అందరూ తినేది తినకుండా కూర్చోవడం ఒంటరితనమే. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే రోజుకు పదిసార్లు అనే ‘గోక్కోమాక’ అన్న మాట కూడా, ఆపుకోలేని మనిషికి నిందలాగే వినిపిస్తుంది.

అందుకే ఈ బాధను కొలిచే పద్ధతుల మీద నాకొక ఫిర్యాదు ఉంది. చర్మవ్యాధి జీవితాన్ని ఎంత దెబ్బతీసిందో తెలుసుకోవడానికి ప్రపంచమంతా వాడేది 1994లో కార్డిఫ్‌లో ఫిన్లే, ఖాన్ తయారుచేసిన పది ప్రశ్నల పట్టిక. 30 మార్కుల్లో 10 దాటితే దెబ్బ చాలా ఎక్కువని లెక్క. నిజంగా ఉపయోగపడిన పరికరమే. దురద ఎంత, సిగ్గుపడ్డారా, పనికి అడ్డం వచ్చిందా, దాంపత్యానికి ఇబ్బంది అయిందా అని సూటిగా అడుగుతుంది. కానీ అందులో షాపింగ్, తోటపని, ఆటల గురించి కూడా అడుగుతారు. ఆటలు ఎన్నడూ ఆడని నడివయసు నాట్ల కూలీ ఆ ప్రశ్నకు వర్తించదంటే సున్నా మార్కు పడుతుంది, బాధ తక్కువని లెక్క తేలుతుంది. పెళ్లి సంబంధం తప్పిపోయిందా, పక్కన కూర్చుని తిననివ్వలేదా, కూలి పోయిందా, మందులకు అప్పు చేశారా అన్న ప్రశ్నలు అందులో లేవు. చర్మం రంగు దగ్గరా ఇదే చిక్కు. తీవ్రతను అంచనా కట్టే కొలతలు ఎరుపును చూస్తాయి. నల్లని, చామనఛాయ ఒంటి మీద ఎరుపు బూడిదరంగులోనో ఊదారంగులోనో కలిసిపోయి సరిగా కనపడదు. వైద్యుడికి స్వల్పంగా తోచిన జబ్బు రోగికి రాత్రంతా నిద్ర లేకుండా చేస్తుండవచ్చు. పైగా వాపు తగ్గాక మిగిలే నల్లమచ్చలు నెలల తరబడి పోవు. వైద్యుడి దృష్టిలో నయమైన మనిషి, ఊరి దృష్టిలో ఇంకా రోగే.

చర్మం నయం చేస్తే మనసు దానంతటదే కుదురుకుంటుంది, వేరే ఆర్భాటం ఎందుకన్నది వైద్యుల నుంచి తరచూ వచ్చే అభ్యంతరం. ఇందులో చాలా నిజం ఉంది. 2016లో వెలువడిన రెండు జంట పరీక్షల్లో డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్ తీసుకున్న పెద్దవాళ్లకు 16 వారాల్లో దురదతో పాటు ఆందోళన, డిప్రెషన్ మార్కులు కూడా తగ్గాయి. చర్మానికి మంచి వైద్యం మానసిక వైద్యం కూడానని నేనూ ఒప్పుకుంటాను. కానీ అవే పరీక్షల్లో ఆ ఇంజెక్షన్‌తో చర్మం పూర్తిగానో దాదాపు పూర్తిగానో శుభ్రపడినవాళ్లు నూటికి 36 నుంచి 38 మంది మాత్రమే. అంత ఖరీదైన మందుతో, అంత శ్రద్ధగా చూసినా ఆ గడువులో ఎక్కువమందికి ఎంతో కొంత జబ్బు మిగిలే ఉంది. మన దగ్గర అందుబాటులో ఉన్న మెథోట్రెక్సేట్, అజథయోప్రిన్, సైక్లోస్పోరిన్, ఈమధ్య జెనరిక్‌గా దొరుకుతున్న టోఫాసిటినిబ్ లాంటివి కొందరికి బాగా పనిచేస్తాయి, కానీ రక్తపరీక్షలు, కనిపెట్టి ఉండే వైద్యుడు కావాలి. చర్మం పూర్తిగా నయమయ్యేదాకా ఆగమంటే, చాలామంది రోగులు జీవితాంతం ఆగాల్సి వస్తుంది.

నిజానికి మన ఊళ్లలో దిగులుకు ఇంకో మూలం వైద్యమే. దురదకని మందుల షాపులో అడిగితే తరచూ చేతికొచ్చేది బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబు. రెండు రోజుల్లో అద్భుతంగా తగ్గుతుంది. మానేయగానే ముందుకంటే ఎక్కువగా తిరగబెడుతుంది. వాడుతూ పోతే చర్మం పలచబడుతుంది, అసలు జబ్బు ఫంగస్ తామర అయితే ఒళ్లంతా పాకుతుంది. ఈ దుర్వినియోగం మీద చర్మవైద్యుల సంఘం ఏళ్లపాటు పోరాడాక, 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదంది. ఆ నియమం చిన్న ఊళ్ల దాకా గట్టిగా అమలయ్యేలా చూడడం ఇంకా మిగిలిన పని. మరోవైపు స్టెరాయిడ్ అన్న మాటకే భయపడి, అవసరమైన చోట కూడా సరైన మోతాదులో రాయనివాళ్లూ ఉన్నారు. ఇటు అతిగా, అటు అరకొరగా, ఏ దారిన పోయినా కొన్నేళ్లకు రోగి ‘నాకు ఏ మందూ పట్టదు’ అన్న నమ్మకానికి వస్తాడు. బయటికి అది డిప్రెషన్‌గానే కనిపిస్తుంది. ఏ మందు ఎక్కడ, ఎంత, ఎన్నాళ్లు రాయాలో, ఎప్పుడు ఆపాలో ఓపికగా చెబితే ఆ నిస్పృహలో చాలా భాగం రాకుండానే ఉంటుంది.

మనసు మాట ఎత్తితే రోగులకు కొత్త హాని జరుగుతుందన్న అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ‘అంతా టెన్షన్ వల్లే, టెన్షన్ తగ్గించుకో’ అని పంపించేసే అలవాటు మన క్లినిక్కుల్లో ఉంది. ఆ మాట జబ్బును రోగి తలకే చుట్టి వదిలేస్తుంది. కోబే లెక్కలు చూసి ఎవరైనా ఆ మాటే అంటే అది తప్పుడు అర్థం. భూకంపం లేని చోట కూడా జబ్బు ఉంది, ఫిలాగ్రిన్ లోపం టెన్షన్ వల్ల రాదు. కలత జబ్బును పెంచగలదు, పుట్టించిందని అనలేం. పైగా మానసిక వైద్యుడి దగ్గరికి పొమ్మంటే పల్లెలో పిచ్చి అన్న ముద్ర పడుతుంది, ఒక మచ్చకు ఇంకో మచ్చ తోడవుతుంది. అందుకే నేను అడుగుతున్నది అందరినీ మానసిక వైద్యుడి దగ్గరికి తోలమని కాదు, చర్మం చూసే చోటే అడగమని. చర్మం చూస్తూ ‘రాత్రి నిద్ర పడుతోందా అమ్మా’ అని అడిగితే ఎవరికీ పిచ్చి ముద్ర పడదు.

అడిగాక చేయడానికి ఏముందన్నదానికి కూడా ఆధారాలున్నాయి. 1986లో స్వీడన్‌లో చేసిన ఒక చిన్న అధ్యయనంలో స్టెరాయిడ్ పూతమందుకు అలవాటు మార్పించే శిక్షణ జోడించినవాళ్లు, మందు మాత్రమే వాడినవాళ్లకంటే తక్కువ గోక్కున్నారు, చర్మమూ ఎక్కువ బాగుపడింది. ఆ శిక్షణ గొప్ప రహస్యమేమీ కాదు. చెయ్యి గోకడానికి లేస్తోందని మొదట గమనించడం, పిడికిలి బిగించి కాసేపు అలాగే పట్టుకోవడం, అప్పటికీ దురద పోకపోతే గోకకుండా ఆ చోటును నొక్కిపట్టడం. 1995లో జర్మనీలో రోగులను ఏడాది పాటు గమనించిన అధ్యయనంలో గుంపుగా మానసిక శిక్షణ పొందినవాళ్ల చర్మం, మామూలు వైద్యం పొందినవాళ్ల కంటే, జబ్బు గురించిన పాఠాలు మాత్రమే విన్నవాళ్ల కంటే ఎక్కువ మెరుగుపడింది, స్టెరాయిడ్ వాడకమూ తగ్గింది. 2021లో స్టాక్‌హోమ్ పరిశోధకులు 102 మంది పెద్దవాళ్ల మీద 12 వారాల పాటు ఇంటర్నెట్ ద్వారా ప్రవర్తన చికిత్స నడిపితే దురద, నిద్ర, డిప్రెషన్ అన్నీ మెరుగుపడ్డాయి. ఒక్కో రోగికి చికిత్సకులు వెచ్చించిన సమయం మొత్తం కలిపి సగటున గంట కూడా లేదు. నాకు బాగా ముఖ్యమనిపించేది ఈ చివరి సంగతే. మన దగ్గర అంతమంది సైకాలజిస్టులు ఎక్కడున్నారన్న అభ్యంతరానికి ఇదే సరైన జవాబు. ఈ అధ్యయనాలు చిన్నవి, మందుకు బదులుగా నిలబడవు. మందుతో పాటు నిలబడతాయి.

2015-16లో నిమ్‌హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే దేశంలో మానసిక జబ్బులున్నవాళ్లలో, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేల్చింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. మన దగ్గర పరిస్థితి అంతకన్నా మెరుగ్గా ఉందని నమ్మడానికి కారణం కనపడదు. అందువల్ల ఉన్నవాళ్లతోనే పని జరగాలి. నెల్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, ఊళ్లలో ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఉన్నారు. బీపీ, షుగరు చూడడానికి ఇంటింటికీ తిరిగేవాళ్లు, చేతులు పగిలి రసి కారుతున్న మనిషి కనిపిస్తే నిద్ర గురించి, దిగులు గురించి రెండు ప్రశ్నలు అడగగలరు. అంటుకోదని ఇంట్లోవాళ్లందరి ముందు గట్టిగా చెప్పగలరు. రొయ్యల ప్లాంట్ల యజమానులు లోపల నూలు గ్లౌజు, పైన రబ్బరు గ్లౌజు ఇచ్చి, మధ్యమధ్య చేతులు ఆరబెట్టుకునే వ్యవధి, పూసుకునే వాసలిన్ ఏర్పాటు చేస్తే చాలా చేతులు ముదిరే దశకే రావు. చర్మవైద్యులు చీటీ మీద మందు పేరు రాసేముందు నిద్ర ఎన్ని గంటలో, బతకడం దండగ అనిపిస్తోందో లేదో రాసుకోవాలి. ఈ రెండో ప్రశ్నకు అవుననే జవాబు వస్తే ఆ రోజే ఆ మనిషిని ఒంటరిగా పంపకూడదు. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు 14416 నంబరులో పగలూ రాత్రీ ఫోన్ చేయవచ్చు. డబ్బు కట్టనవసరం లేదు, తెలుగులోనే మాట్లాడతారు.